చూళైమేడుకు వెళ్ళిన ఆంబులెన్స్

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. చెన్నైలో ఒక ప్రైవేటు ఆంబులెన్స్ సంస్థ కంట్రోల్ రూమ్‌లో నేను డిస్పాచర్‌గా చేరి అప్పటికి ఏడేళ్ళు. డిస్పాచర్ అంటే ఫోనెత్తి, జబ్బేమిటో, ఇల్లెక్కడో కనుక్కొని, దగ్గర్లో ఉన్న బండిని పంపే మనిషి. మాట్లాడుతూనే ఆ వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. దాన్ని కాల్ రికార్డు అంటాం. తర్వాత ఏ గొడవ వచ్చినా మా తరఫున మాట్లాడేది అదే. నా రికార్డులు ఎంత శుభ్రంగా ఉంటాయో చూడమని మా సూపర్‌వైజర్ జయంతి మేడమ్ కొత్తవాళ్ళకు చెప్పేది. నాకది గర్వంగా ఉండేది.

ఒక రోజు ఆమె నన్ను గదిలోకి పిలిచి ఒక ఫిర్యాదు చేతికిచ్చింది. కోడంబాక్కంలో సినిమావాళ్ళకు దుస్తులు కుట్టే తెలుగు టైలరు ఒకాయనకు, మూడు వారాల కిందట పొద్దున పూట పక్షవాతం వచ్చింది. కూతురు కల్పన మాకు ఫోన్ చేసింది. పదిహేను నిమిషాల్లో చేరవలసిన బండి నలభై నిమిషాలకు చేరింది. ఆయన బతికాడు గానీ కుడిచెయ్యి పడిపోయింది. ఎందుకు ఆలస్యమైందో రాసివ్వమని కల్పన అడుగుతోంది. ఆ కాల్ తీసుకున్నది నేనే. రోజుకు ఎన్నో కాల్స్ చూసే నాకు అందులో ఒక్క ముక్క కూడా గుర్తు లేదు.

రికార్డు తెరిచి చూశాం. పిళ్ళయార్ కోయిల్ వీధి, కోడంబాక్కం. అడ్రస్ సరిగ్గానే ఉంది. బండి ఎటు తిరిగిందో చూపే జీపీఎస్ మాత్రం వేరే కథ చెప్పింది. బండి నేరుగా చూళైమేడు వెళ్ళి, అక్కడ ఆరు నిమిషాలు ఆగి, అప్పుడు కోడంబాక్కం వైపు తిరిగింది. డ్రైవర్ మునుస్వామి అక్కగారి ఇల్లు చూళైమేడులోనే అని మా ఆఫీసులో అందరికీ తెలుసు. జయంతి మేడమ్ నా ముఖంలోకి చూసింది. నేనూ అదే అనుకున్నాను.

మునుస్వామిని పిలిపించాం. తిరువళ్ళూరు వైపు తెలుగువాడు, నాకంటే పెద్దవాడు.

"అడ్రస్ చూళైమేడు అనే వచ్చినాది మేడమ్. ఆడికి పోతే ఆ నంబరు ఇల్లే లేదు. మళ్ళా మీరే గదా కోడంబాక్కం పొమ్మనింది?" అన్నాడు నావైపు తిరిగి.

"నేనలా చెప్పినట్టు రికార్డులో లేదన్నా," అన్నాను.

అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. అలా వెళ్ళిపోవడాన్ని నేను తప్పు ఒప్పుకోవడంగానే తీసుకున్నాను. ఆ రోజు బండి వెనక రోగి దగ్గర కూర్చోవలసిన టెక్నీషియన్ కొత్తవాడు. దారి తాను గమనించలేదన్నాడు. అదీ మాకు కూడబలుక్కున్న మాటలాగే వినిపించింది.

తర్వాత ట్రిప్ షీట్ తెప్పించాం. ఏ పూట ఎక్కడికి పోయిందీ డ్రైవరు చేత్తో రాసే కాగితం అది. అందులో 'చూళైమేడు' అని రాసి, అడ్డంగా ఒక గీత గీసి, పక్కన '10.41, కంట్రోల్ చెప్పినారు, కోడంబాక్కం' అని రాసి సంతకం పెట్టి ఉంది. దిద్దిన కాగితం చూశాక జయంతి మేడమ్‌కు సందేహం తీరిపోయింది. అతన్ని డ్యూటీకి రావద్దని చెప్పి, నన్ను రిపోర్టు రాయమంది. అతని ఉద్యోగం పోవడానికి ఆ రిపోర్టు చాలు. అప్పటికి నేను అతను పలకరిస్తే బదులివ్వడం కూడా మానేశాను.

ఆ 10.41 అబద్ధమని గట్టిగా నిరూపించాలనిపించింది. బండితో మాట్లాడే వైర్‌లెస్ మాటలు మా దగ్గర రికార్డు కావు. కానీ మా డెస్కు నుంచి బయటికి వెళ్ళే ఫోన్లన్నీ రికార్డవుతాయి. ఏరియా మార్చి చెప్పాలంటే నేను ముందు ఇంటివాళ్ళకు ఫోన్ చేసి కనుక్కొని ఉండాలి; ఆ సమయంలో ఎవరికీ చేయలేదని చూపిస్తే చాలు. జాబితా తెరిచాను. 10.40కి నా సీటు నుంచి కల్పన నంబరుకు ఒక కాల్ ఉంది. హెడ్‌సెట్ పెట్టుకొని విన్నాను. ముందు నా గొంతే వినపడింది.

"చూళైమేడు కాదామ్మా మీది?"

"కాదక్కా, కోడంబాక్కం. రైల్వే స్టేషన్ కాడ. నాయన కింద పడుండాడు, తొందరగా పంపించక్కా."

అప్పుడు మొదటి కాల్ కూడా విన్నాను. ఆ అమ్మాయి ఇంటి నంబరు, వీధి పేరు మాత్రమే చెప్పింది. ఏ ఏరియా అని నేను అడగలేదు. ఆ పేరుతో ఊరంతా వీధులున్నాయి. కంప్యూటర్ చూపిన వీధుల్లో అన్నిటికంటే పైన కనబడ్డ చూళైమేడును నొక్కేశాను. మునుస్వామి వైర్‌లెస్‌లో అడిగాక, తప్పు తెలుసుకొని ఆ గడిలోనే కోడంబాక్కం అని మార్చేశాను. కొత్తది ఎక్కగానే పాతది చెరిగిపోయింది. దాచాలని చేసింది కాదు. రికార్డు శుభ్రంగా ఉంచడమంటే అదే అనుకునేదాన్ని.

తెర మీద సగం రాసిన రిపోర్టు ఉంది. 'సొంత పని మీద బండి మళ్ళించినట్లు' అన్న చోట ఆపాను. మూడు నెలలు దాటితే ఆ రికార్డింగులు వాటంతట అవే పోతాయి. ఆ ఫోన్ల జాబితా తెరవమని నన్నెవరూ అడగలేదు. నన్ను అడ్రస్ అడిగిన మనిషి, నా మాట మీదే బండి తిప్పిన మనిషి, ఇప్పుడు ఇంట్లో కూర్చొని ఉన్నాడు. లేచి వెళ్ళి జయంతి మేడమ్‌ను పిలుచుకొచ్చి హెడ్‌సెట్ ఆమె చేతికిచ్చాను.

ఆమె రెండుసార్లు విన్నది. తిట్టలేదు. ఇలాంటివి ఇంకెన్ని మార్చావని మాత్రం తమిళంలో అడిగింది. ఏడేళ్ళ నా రికార్డుల్లో ఏది మొదట రాసిందో, ఏది తర్వాత మార్చిందో నాకే తెలియదు.

నాకు మెమో ఇచ్చి, రెండు నెలలు ఫోన్ల దగ్గర కూర్చోనివ్వలేదు. మునుస్వామిని తిరిగి పిలిచారు. కల్పనకు జరిగింది జరిగినట్టు రాసిచ్చి, నేనూ వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. లోపల వాళ్ళ నాయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు.

"ఆలస్యమైంది నిమిషాలే అంటారు. మా నాయన కుట్టుపని పోయిందక్కా," అన్నది ఆ అమ్మాయి. కూర్చోమనలేదు. అలా అనాలని నేనూ ఆశించలేదు.

తర్వాత మా సాఫ్ట్‌వేర్‌లో పాత మాట చెరిగిపోకుండా, మార్పు ఎవరు ఎప్పుడు చేశారో కింద కనబడేలా మార్పించారు. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు నేనే నేర్పుతున్నాను. మీ తప్పు కూడా రికార్డులో భాగమే, దాన్ని అక్కడే ఉండనివ్వండి, సరైనది కింద రాయండి అని చెబుతాను. ఎక్కడా ఒక్క సవరణ లేని రికార్డు కనబడితే ముందు దాన్నే అనుమానిస్తాను.

మునుస్వామిని క్షమాపణ అడిగాను. పోనీలే మేడమ్ అన్నాడు. కానీ ఇవాళ్టికీ నేను అడ్రస్ చెబితే అతను వెంటనే బండి తియ్యడు.

"ఏరియా ఇంకోసారి చెప్పండి మేడమ్," అంటాడు.

ఇంకోసారి చెబుతాను.