ఈమూకు నాలుక పొట్టిది

ఈమూ పోయి మూడేళ్లయింది. నా కోపం ఇంకా పోలేదు.

నేను బడికి వెళ్లలేదు. మా బాపు పశువుల దవాఖానలో కాంపౌండరు. చదువంతా ఇంట్లో ఆయనే చెప్పారు. చిన్నప్పుడు ఒకరోజు కోడి నోరు తెరిచి, నాలుక వెనక ఉన్న చీలికను చూపించారు. "గిది ఊపిరి తొవ్వ, బిడ్డా. దాని ఎనుక తిండి తొవ్వ. మింగేటప్పుడు గీ చీలిక మూసుకుంటది. మనం జబర్దస్తీగ పోస్తే దానికి మూసుకునే టైమ్ దొరకది." గుక్కెడు నీళ్లు తిన్నగా గొంతు దిగినా దేవుడికి దండం పెట్టుకునే అలవాటు నాకు ఆ రోజే మొదలైంది.

శాలిబండలో మా అత్తవారిది పాల వ్యాపారం. ఈమూల పెంపకం మానేసిన చుట్టం దగ్గర నుంచి మా బావగారు, అంటే మా ఆయన అన్న, ఒకదాన్ని ట్రాలీ ఆటోలో తెచ్చి బర్రెల కొట్టంలో ఉంచారు. దాని మేత, నీళ్లు నా వంతయ్యాయి. అది నోరు తెరిచినప్పుడల్లా చూసేదాన్ని. అంత వెడల్పాటి నోట్లో ఇంతే నాలుక, అంచులు రంపంలా. దాని వెనకే ఊపిరి బొక్క, కోడికన్నా ఎంతో పెద్దది. ఆ నాలుకతో ముద్దను లోపలికి తోసుకోవడం దాని వల్ల కాదు. టమాటా ముక్కను ముక్కు కొసతో పట్టి, తల వెనక్కి విసిరి, గొంతులోకి ఎగరేసుకునేది. నీళ్లయితే కింది దవడతో తోడుకుని మెడ ఎత్తేది. దాని పద్ధతి దానికి ఉంది.

ఒకసారి రెండు రోజులు మేత ముట్టలేదు. బావగారు బర్రెలకు మందు తాగించే వెదురు గొట్టం నిండా ఆముదం తెచ్చారు.

"బావా, పోయకుండ్రి. దాని నాలుక పొట్టిది, ఎనుకనే ఊపిరి బొక్క. డాక్టర్‌ను పిలుద్దాం."

"బడి మొకం సూడనోళ్లే గిట్ల సెప్తుంటె ఇగ డాక్టరెందుకు?"

పక్కింటి పెద్దాయన గోడ మీంచి తొంగిచూశారు. మా గల్లీలో అందరూ ఈమూను షుతుర్‌ముర్గ్ అనేవారు. నిజానికి అది ఉర్దూలో నిప్పుకోడి పేరు, విడదీస్తే ఒంటె-కోడి. "పేర్లనే ఊంట్ ఉన్నది గద భాయ్! ఊంట్‌కు పోసినట్టే పొయ్, ఫికర్ ఏంది?" అన్నారాయన.

"గదీ మాట!" అని బావగారు నవ్వారు.

ఆ ఒక్క మాటతో అది పక్షి కాకుండా పోయింది. మా ఆయన దాని మెడ పట్టుకున్నారు. నేను గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టాను. "నువ్వు జరుగు పిల్లా, మొగోళ్లను సెయ్యనీ" అంది అత్తమ్మ. జరిగాను. అలా జరగడమే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

గొట్టం కొస నాలుక దాటింది. ఒక్కసారిగా గురక. ముక్కు రంధ్రాల్లోంచి ఆముదం బుడగలు. పొద్దు వాలకముందే అది చచ్చిపోయింది.

"దేవుడు దానికి గంతే రాసిండు" అన్నారు బావగారు, చేతులు కడుక్కుంటూ.

నా ఒళ్లు మండిపోయింది. దేవుడు దానికి మింగే తెలివి ఇచ్చాడు. ఆ సంగతి తెలిసిన నన్ను పక్కనే నిలబెట్టాడు. ఇంకేం రాయాలి ఆయన? కింద కూర్చుని, పక్షి నోరు విప్పి పట్టుకున్నాను. "సూడుండ్రి బావా. ఏలు పెట్టి సూడుండ్రి." ఊపిరి బొక్క అంచుదాకా ఆముదం నిలిచి ఉంది. బావగారు చూడలేదు. మా ఆయన వంగి చూశారు. "గింత దగ్గర్నే ఉంటదా?" అన్నారు, అంతే.

మర్నాడు నీళ్ల పొయ్యిలో మొదట పెట్టింది ఆ గొట్టాన్నే. కాసేపటికి కొట్టంలో బావగారు వెతుకుతూ కనిపించారు.

"పిల్లా, గొట్టమేది?"

"దేవుడు తీస్కపోయిండు బావా."

ఆ అబద్ధానికి సాయంత్రం దీపం ముందు చెంపలేసుకున్నాను. కోపానికి వేసుకోలేదు.