పక్కనే నడిచిన టైలర్ బావ

మా టైలర్ బావ మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "నాన్న ఎల్లిపోనాడు అంకుల్" అన్నాడు.

మాకు బంధుత్వమేమీ లేదు. ఆయనది వన్‌టౌన్‌లో తరాలుగా బట్టలు కుట్టే ముస్లిం కుటుంబం. మా నాన్న స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికి గోదావరి నుంచి వచ్చాడు, ఆయన తర్వాత నేనూ అందులోనే చేరాను. మమ్మల్ని కలిపింది ఫిజియోథెరపీ హాలు. చిన్నమెదడులో స్ట్రోక్ వచ్చాక, నా కాళ్ళలో బలమున్నా నేల పడవలా ఊగేది. ఆయనకు పార్కిన్సన్స్. వెనక్కి తిరగబోతే పాదాలు అంటుకుపోయేవి. తల తిప్పుతూ నడవడం, కదులుతున్నా చూపు ఒకచోట నిలపడం మా ఇద్దరి పాఠం. థెరపీ చేయించే మేడమ్ అటూ ఇటూ చూడమంటే నేను భయంతో కాళ్ళవైపే చూసేవాణ్ణి.

"ఏటి బావా, నేలకేసి సూత్తన్నావ్? అదెక్కడికీ పారిపోదు. ఇటు సూడు, నా మొకం బాగుంటాది" అనేవాడు కుర్చీలోంచి. నవ్వొచ్చి తిరిగేవాణ్ణి. తల తిప్పానని తర్వాత తెలిసేది.

మాట్లాడుతూ ఎదుటివాళ్ళ కాలర్ సర్దడం ఆయన అలవాటు. ఆ కాసేపూ వేళ్ళు వణికేవి కావు.

ఒకరోజు గోపాలపట్నం మార్కెట్లో తూలి కూరగాయల గంపల మీద పడ్డాను. "పొద్దున్నే ఏసేసినాడు" అని ఎవరో నవ్వారు. పక్కనే ఉన్న మా ఆవిడ తల దించుకుంది. ఆ తర్వాత నేను ఇల్లు కదల్లేదు. థెరపీ మానేశాను. ఫోన్లూ ఎత్తలేదు.

ఒక ఉదయం తలుపు తీస్తే ఎదురుగా బావ. భార్య చెయ్యి పట్టుకుని మా రెండో అంతస్తు ఎక్కి వచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. మార్కెట్లో జరిగింది మా ఆవిడ ఆయనకు ఫోన్లో చెప్పిందట.

"నన్నూ అన్నారు బావా, తాగుబోతని. సుక్క ముట్టినోణ్ణి కాదు. ఇంట్లో కూకుంటే ఆ మాట నిజమైపోదా? పద."

"పడిపోతానేమో."

"పడితే లేద్దాం. సెయ్యి పట్టుకోను, పక్కనే ఉంటాను."

అదే మార్కెట్‌కు వెళ్ళాం, ఇద్దరం తూలుతూనే. టమాటాలమ్మే ఆవిడ వింతగా చూసి, "ఏటైంది బాబూ, ఇద్దరికీ?" అంది.

"మెదడులో జబ్బు తల్లీ. నడక నేర్సుకుంతన్నాం" అన్నాడు బావ, సిగ్గన్నదే లేకుండా. ఆమె గంపలు పక్కకు జరిపి దారిచ్చింది. మర్నాడే మళ్ళీ థెరపీకి వెళ్ళాను.

కొన్ని నెలలకు డ్యూటీలో చేరాను, పాత పని కాదు, స్టోర్స్‌లో. ఆయన జబ్బు మాత్రం ఆగలేదు. చివరి ఏడాది మంచంలోనే గడిపాడు. వెళ్ళినప్పుడల్లా, "ఎలగొచ్చినావ్?" అని అడిగేవాడు. "బస్సులో, నిలబడి" అంటే, కదలడం మానేసిన ఆ ముఖంలో కళ్ళు మెరిసేవి. నా నోట మళ్ళీ ఆ జవాబు వినడానికే అడిగేవాడేమో.

ఆ శుక్రవారం సాయంత్రమే ఆయన పాడె, జనాజా, లేచింది. "భుజం పడతారా అంకుల్?" అన్నాడు వాళ్ళబ్బాయి. ఒక్క క్షణం భయమేసింది. చుట్టూ జనం, సందు హార్బర్ వైపు వాలుగా దిగుతోంది. అయినా వెళ్ళి భుజం ఆనించాను. సందు మలుపులో అందరితో పాటు నేనూ తిరిగాను. ఇళ్ళ మధ్య నుంచి సముద్రం ఒక్కసారిగా కనిపించింది. దూరంగా ఒక ఓడ మెల్లగా రేవులోకి వస్తోంది. నా భుజం మీద బావ, ఊగకుండా.