నాయిన కుక్క, అక్క తాంబాళం

కుక్కను వాహనంగా చేసుకొని ఊరి పొలిమేరలను కాచే క్షేత్రపాలకుడికి మొదటి నమస్కారం. పలుకులకు తల్లియైన దేవికి రెండవది. ఏ ప్రాణి ఎవరి పాదాల చెంత తల వాల్చవలెనో నిర్ణయించే ఆ కనబడని చేతికి మూడవది. ఈ మూడవ నమస్కారానికి మాత్రం నా నడుము నేటికీ సులభంగా వంగదు.

తారణ నామ సంవత్సరం, ఆషాఢ బహుళ తదియ. షామీర్‌పేటలో బోనాల పండుగ. ఆనాడు మా అత్తగారి నెత్తిమీది బోనం ఊగింది, దానిపై వెలుగుతున్న దీపం ఆరింది. అందుకు కారణం మా నాయిన కుక్క.

ఆ కుక్కది ఎర్రని ఒళ్లు, తెల్లని ముంగాళ్లు. ఒక చెవి నిక్కి ఉండేది, రెండవది వాలి ఉండేది. మేడ్చల్‌లో మా ఇంటి అరుగు మీద నాయిన ప్రతి సాయంకాలం పద్యాలు చదివేవాడు. ఆడపిల్లకు ఛందస్సు ఎందుకని ఊరివారు నవ్వుతున్నా వినక, గణాలూ యతులూ నాకు ఆ అరుగు మీదనే నేర్పాడు. నేను ఒక పక్క, నాయిన చెప్పుల మీద గడ్డం ఆనించి కుక్క ఒక పక్క కూర్చొని వినేవాళ్లం. నాయిన పోయిననాడు పాడె ముందు డప్పులు మోగాయి. కుక్క పాడె కిందికి దూరబోతే కట్టెలతో కొట్టి తరిమారు. అది మొదలు డప్పు ఎంత దూరాన మోగినా దాని కాళ్లు వణికేవి. తోక కడుపు కిందికి పోయేది, కంటికి కనబడిన సందులోకల్లా ఉరికేది. సాకలేక మా అమ్మ దానిని బండి కింద కట్టి షామీర్‌పేటకు, నా అత్తింటికి తెచ్చి వదిలింది. నాయినవల్ల నాకు మిగిలిన ప్రాణమున్న వస్తువు అదొక్కటే.

ఆ బోనాలనాడు అది తాడు తెంచుకొని ఊరేగింపులోకి ఉరికి, మా అత్తగారి కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. పొద్దుగూకక ముందే తీర్పు వచ్చింది.

"ఏం కుక్కనే ఇది? డప్పు సప్పుడుకే పాణం పోతాంది దీనికి. ఇంటికి ఇది కావలుండుడు పోయి దీనికే మనం కావలుండాల్నా?"

"మా నాయిన దాన్ని ఎంతో మంచిగ జూసుకున్నడు అత్తమ్మా..."

"మీ నాయిన మంచోడే పిల్లా. కుక్కనే మంచిది గాదు. మల్ల బోనాలకు గిట్లనే ఉరికిందనుకో, రావల్‌కోల్ మందకు తోలిస్త. ఆడ డప్పులుండయ్, తోడేళ్లుంటయ్. గవి సక్కగ జేస్తయ్ దీన్ని."

రావల్‌కోల్‌లో మా మామగారికి పొలమూ, పాత ఇల్లూ, గొర్రెల మందా ఉండేవి. మందకు కాపలాగా పోయిన కుక్కలు తిరిగి రావడం మేము చూడలేదు. నాకు ఏడాది గడువు దొరికింది.

ఉపాయం నాయినదే. కొత్త కోడెకు మువ్వల పట్టెడ కట్టవలసి వచ్చినప్పుడు, బెదరకుండా, ముందు కొన్నాళ్లు దాని తొట్టి దగ్గర కుడితి పోసే వేళ ఆ పట్టెడను దూరాన మెల్లగా కదిలించేవాడు. "భయపడే జీవిని భయం మీదికి తోయవద్దు. భయాన్నే దూరం నుంచి పిలిచి చుట్టరికం కలపాలె" అనేవాడు. ఇంట్లో డప్పు లేదు, ఉన్నా కోడలు వాయించరాదు. ఇత్తడి తాంబాళాన్ని గరిటెతో కొడితే, చప్పుడు తెంపుతెంపుగా, డప్పుకు దగ్గరగానే ఉంటుందని తోచింది. అయితే దూరాన తాంబాళం కొట్టడానికి ఒకరు, కుక్క దగ్గర కూర్చొని తినిపించడానికి ఒకరు, ఇద్దరు కావాలి.

రెండవ మనిషి మా ఏరాలు, అనగా నా భర్త అన్నగారి భార్య. అక్కా అని పిలిచేదాన్ని. కొంచెం బొద్దుగా, ఎప్పుడూ నోట్లో తాంబూలంతో, కూర్చున్నచోటి నుంచి లేవడం అపరాధమన్నట్టుండే మనిషి. చదువు లేదు, చింతా లేదు. ఆమె నవ్వితే మా అత్తగారు కూడా కోపం మరిచేది. నేను ఎన్ని పద్యాలు వచ్చిన కోడలినైనా ఆ నవ్వుకు సాటిరాలేదని నాకు ముందే తెలుసు.

పనిని మేము వరుసను బట్టి పంచుకున్నాం. ఎంగిలి అన్నం, మిగిలిన రొట్టె కుక్కకు తీసుకుపోవడం ఆ ఇంట్లో చిన్న కోడలి పని. పెద్ద కోడలు ఎంగిలి పళ్లెం పట్టుకొని పశువుల కొట్టం వైపు నడవడం మర్యాద కాదు. కనుక తాంబాళం అక్కది, తిండి నాది. ఆమె వంటింటి గడప మీద చతికిలబడి కొట్టేది, నేను కొట్టంలో కుక్క పక్కన జొన్నరొట్టె ముక్కలు పట్టుకొని కూర్చునేదాన్ని. పెట్టే చేతిని అది ప్రేమిస్తుంది, మోత మోగించే చేతికి అలవాటు పడుతుంది, అంతేగదా అనుకున్నాను. ఎవరికైనా అట్లాగే తోచేది.

మొదట్లో అక్క గోటితో మీటినంత మెల్లగా కొట్టినా కుక్క గడ్డి మోపు వెనక దాక్కునేది. నేను పిలువకుండా, ముక్కను నేల మీద పెట్టి, నాయిన చదివే రాగంలో ఒక పద్యం సన్నగా చదువుతూ ఉండేదాన్ని. క్రమంగా ముక్కు బయటికి వచ్చింది, తరువాత మెడ. వానకాలం గడిచేసరికి, తాంబాళం మోగుతుండగానే నా ఎదుట కూర్చొని తినసాగింది. కూర్చో అంటే కూర్చోవడం, ఆగు అంటే నేను సరే అనేదాకా ముక్కను ముట్టకపోవడం కూడా నేర్పాను. చలికాలంలో లష్కర్ దండు నుంచి తెల్లదొరలు వచ్చి చెరువులో బాతులను తుపాకులతో వేటాడినప్పుడు నేర్చుకున్నదంతా ఒక్కపూటలో పోయింది. మళ్లీ గోటి మీటు దగ్గర మొదలుపెట్టాం.

ఆ రెండవ విడతలోనే నా కంటికి అది పట్టింది.

కుక్క నా మాట వినేది. కూర్చోమంటే కూర్చునేది, ఆగమంటే ఆగేది. కాని దాని చూపు నా మీద ఉండేది కాదు. నిక్కిన చెవి, వాలిన చెవి రెండూ వంటింటి గడప వైపే. తాంబాళం మోగగానే దాని తోక నేలను ఊడ్చేది. రొట్టె నా చేతిలోనిదే అయినా ఆ రొట్టెను పిలుచుకొని వచ్చేది ఆ మోత అని దానికి అర్థమైంది. ఆ మోత అక్కది. నేను పళ్లెం మోసే మనిషిని మాత్రమే. భయాన్ని చుట్టం చేయమన్నాడు మా నాయిన. ఆ చుట్టరికం ఎవరి పేరిట కలుస్తుందో చెప్పకుండా పోయాడు.

శిక్షణ వేళ దాటినా అది అక్క వెంటే తిరగసాగింది. ఆమె బియ్యం ఏరుతుంటే చేట పక్కన, తల దువ్వుకుంటుంటే వీపు వెనక. ఆమె పిలిచేది కాదు, నిమిరేది కాదు. పైగా విసుక్కునేది.

"ఓ చెల్లే, గీ నీ కుక్కను జర పట్టుకో. ఏడ గూసుందమన్నా నా కొంగు మీదనే పంటది."

"నువ్వే అలవాటు జేసినవు గదక్కా."

"నేనేం జేసిన్నే? తాంబాళం కొట్టుమంటివి, కొట్టిన. గింత కుక్కతోని గంత లొల్లా?"

కోరిన మనిషికి ఆ ప్రేమ దక్కితే ఓర్చుకోవచ్చు. వద్దని విసుక్కునే మనిషికి, అదీ అడుగు కదపని మనిషికి దక్కడమే నన్ను లోలోపల కాల్చింది. అక్కకు అత్తగారి మెప్పు ఉంది, ఇంటి తాళాలున్నాయి, ఆ నవ్వు ఉంది. నాకు ఉన్నది ఒక్క కుక్క. అదీ ఆమె కొంగు మీదికే పోవాలా?

పని మార్చుకుందామని అడిగాను. "అక్కా, కొన్నాళ్లు నేను కొడ్త, నువ్వు తినిపియ్యి." ఆమె జవాబు చెప్పేలోపే లోపలినుంచి అత్తగారి గొంతు లేచింది.

"పెద్ద కోడలు కుక్కకాడికి ఎంగిలి మోస్తదా? సూసినోళ్లు ఏమంటరు? సదువుకున్నదానవు, వరుస దెల్వదానే?"

ఒకనాడు అక్క అవతలి వీధికి పోయినప్పుడు తాంబాళమూ రొట్టె రెండూ నేనే పట్టుకొని కొట్టానికి పోయాను. ఒక చేత మోగించి ఒక చేత పెట్టాను. కుక్క కూర్చుంది. తాంబాళాన్ని చూసింది, నన్ను చూసింది, తరువాత లేచి వంటింటి గడప దాకా పోయి, ఖాళీ గడపను వాసన చూసి, అక్కడే పడుకుంది.

నెలలో నేను బయట కూర్చోవలసిన మూడు రోజులు కొట్టం పక్క సావడిలోనే గడిచేవి. ఇతరులకు అవి కష్టపు దినాలు. నేను మాత్రం కుక్క పూర్తిగా నాదే అవుతుందని వాటికోసం ఎదురుచూసేదాన్ని. చేయి చాచి దాని మెడ నిమురుతూ, నాయిన చదివిన పద్యాలు వరుసగా చదివేదాన్ని. అది కళ్లు మూసుకొని వినేది కూడా. అంతలో వంటింట్లో అక్క చింతపండు కోసమో ఉప్పు కోసమో తాంబాళం దించిన చప్పుడు వినబడేది. పద్యం రెండవ పాదంలోనే నా చేయి గాలిలో మిగిలేది.

మరుసటి ఆషాఢం వచ్చింది. బోనాలనాడు ఇల్లంతా వేపమండల వాసన. అత్తగారు బోనం ఎత్తుకొని వీధిలోకి దిగింది. దర్వాజ లోపల నేను కుక్కను పక్కన కూర్చోబెట్టుకొని, ఒడిలో రొట్టె ముక్కలు పెట్టుకొని కూర్చున్నాను. అక్క అరుగు మీద కాళ్లు చాపుకొని, కొత్తగా రాసిన పసుపు ఆరబెట్టుకుంటూ ఉంది. ఒళ్లో వేపాకు పోసిన తాంబాళం.

డప్పులు వీధి మొదట వినబడగానే కుక్క వణికింది. కూర్చో అన్నాను. కూర్చుంది. మోత దగ్గరయింది. ముక్క అందించాను, ముట్టలేదు. నాయిన పద్యం అందుకున్నాను. వాలిన చెవి ఒక్కసారి కదిలింది. అంతలో డప్పులు మా ఇంటి మలుపు తిరిగాయి, కుక్క నా ఒడిలోని రొట్టెను చిందరవందర చేస్తూ దర్వాజ దాటి ఉరికింది.

వీధిలోకి కాదు, అరుగు మీదికి. అక్క మోకాళ్ల కిందికి తల దూర్చి పడుకుంది. ఆమె దానివైపు చూడనైనా చూడలేదు. నోట్లో తాంబూలం నములుతూ, ఊరేగింపును చూస్తూ, ఒళ్లోని తాంబాళం అంచు మీద వేళ్లతో టకటక కొట్టింది, అంతే. కుక్క వణుకు నిలిచింది. డప్పులు మా అరుగును ఒరుసుకుంటూ పోతున్నాయి, అది చెవి కూడా కదపడం లేదు. ఇంకొంచెం గట్టిగా మోగితే బాగుండుననిపించింది నాకు. అక్క దగ్గర కూడా దానికి భయం తీరకపోతే బాగుండుననిపించింది. తీరింది. నెత్తిమీద దీపం నిశ్చలంగా వెలుగుతుండగా అత్తగారు మా ఇంటిని దాటిపోయింది. పోతూ కంటికొసన అరుగు వైపు చూసింది.

సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ అన్నది, "ఇగ ఉండనియ్యి. పెద్దదాని కుక్క మంచిగనే ఆగింది."

"అది మా నాయిన కుక్క అత్తమ్మా."

"మీ నాయినదే గావచ్చు పిల్లా. గని గది ఎవలకాడ కూసున్నదో ఊరంత జూసింది."

అక్క పకపక నవ్వింది. "నాకెందుకత్తమ్మా గీ పరేషాన్? కాళ్ల పసుపంత నాకి పెట్టింది. మల్ల రాసుకోవాలె."

కుక్క నిలిచింది. ఏడాది పొడుగునా నేను కోరుకున్నది అదే. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ చలికాలంలో మా మామగారు పోయారు. అన్నదమ్ములు వేరుపడదామనుకున్నారు. రావల్‌కోల్ పొలమూ పాత ఇల్లూ పెద్దవారికి, షామీర్‌పేట ఇల్లు మాకు వచ్చాయి. గిన్నెలూ చెంబులూ పంచుకునేనాడు ఏది కావాలో చెప్పమన్నారు. ఇత్తడి తాంబాళం కావాలన్నాను. అందరూ వింతగా చూశారు. అంతకంటే బరువైన గంగాళం ఎదురుగా ఉంది.

"తీస్కో చెల్లే, నాకెందుకు?" అన్నది అక్క.

బండి కట్టారు. అక్క ఎక్కి కూర్చుంది. కుక్క బండి వెనక నిలబడింది, దానిని ఎవరూ పిలవలేదు. బండి కదలగానే నేను అరుగు మీద నిలబడి, గరిటెతో తాంబాళం మోగించాను, అక్క కొట్టే వరుసలోనే. కుక్క ఆగింది. వెనుదిరిగింది. తోక ఊపుతూ అరుగు దగ్గరికి వచ్చి, నా చేతిలోని తాంబాళం చూసి, నా ముఖం చూసి, నా వెనక దర్వాజలోకి తొంగిచూసింది. లోపల ఎవరూ లేరు. అది బండి వైపు తిరిగి పరుగెత్తింది.

పార్థివ నామ సంవత్సర ఫాల్గుణ బహుళ పంచమి నాడు కుక్క రావల్‌కోల్‌కు పోయింది. సర్వజిత్తు నామ సంవత్సర కార్తికంలో అక్కడే, అక్క ఇంటి గడప దగ్గర చనిపోయింది. తాంబాళం నా దగ్గర ఉంది.