ఈరమ్మ కోసం మంచం

మారెప్పకు సొంత మంచం లేదు. ఆదోనిలో పాత మంచాలూ బీరువాలూ కొని, గీకి, పాలిష్ పట్టి అమ్మే మనిషికి మంచం లేదంటే నవ్వులాటగా ఉంటుంది గానీ, నిజం. అమ్మకానికి ఉన్నవాటి మీదే పడుకుంటాడు. నా కుట్టుమిషను అంగడి ఆయన రేకుల షెడ్డుకు ఎదురుగా ఉంది. బట్టలు కుట్టేది తల వంచుకుని చేసే పనే అయినా, నా కళ్ళు మాత్రం వీధిలోనే ఉంటాయి.

మా వైపు మంచం మీద మనిషి పోతే ఆ మంచాన్ని ఇంట్లో ఉంచుకోరు. ప్రాణం పోయేలోగా మనిషిని కిందికి దించాలి. దించేలోపే పోతే, కర్మాంతరాలు కాగానే ఆ మంచం మారెప్ప షెడ్డుకు చేరుతుంది. టేకుదైనా చవకగా వస్తుంది. కొనేవాళ్ళు కూడా కొత్తది కొనే శక్తి లేనివాళ్ళే. అయినా వచ్చీ రాగానే, "ఎవరన్నా పోయినారా అప్పా దీని మీద?" అని అడుగుతారు. మారెప్పకు అబద్ధం నోట రాదు. "పోయినారు. ఇన్నాళ్ళూ నేను దీని మీదే పండుకున్యాను. నాకేమైంది?" అంటాడు. ఆ మాటతో బేరం కుదురుతుంది. గాజుపెంకుతో గీకి, ఉప్పుకాగితం పట్టి, లక్క పూసిన ప్రతి మంచం మీదా కొన్నాళ్ళు తాను పడుకున్నాకే అమ్ముతాడు.

ఆయన భార్య ఈరమ్మ కొన్నేళ్ళు ఓర్చుకుంది. పిల్లలు కలగలేదు. దానికి ఆ మంచాలే కారణమని వీధి ఆడవాళ్ళు తేల్చేశారు. పేరంటాలకు పిలవడం మానేశారు. ఒకరోజు ఆమె, "ఈ మంచాల మీద నేనింక పండుకోను" అని తుగ్గలి దగ్గరున్న అన్న దుర్గప్ప ఇంటికి వెళ్ళిపోయింది. పోట్లాట లేదు, పంచాయితీ లేదు.

అప్పటినుంచి మారెప్పకు ఒకటే ధ్యాస. ఎవరూ చావని మంచం ఒకటి సంపాదించాలి, ఈరమ్మను తెచ్చుకోవాలి. కొత్తది చేయించే తాహతు లేదు. సాయంత్రం ఒక్కడే వండుకుని తింటూ, "ఈపొద్దు ఉప్పెక్కువైంది కదా" అని ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు అంటాడు.

పోయిన చలికాలం పత్తి వ్యాపారి బాలకృష్ణయ్య ఇంటినుంచి పిలుపు వచ్చింది. కూతురు రాజశ్రీ పెళ్ళికి చేయించిన టేకు మంచం. మారెప్ప కూడా అందరూ అడిగేదే అడిగాడట, "ఎవరన్నా పోయినారా సామీ?" అని.

"ఎవరూ పోలేదప్పా. పాప పెండ్లి నెల తిరక్కముందే తెగిపోయింది. కండ్ల ముందర లేకుండా తీసుకపో."

మారెప్ప చెవికి మొదటి మాటే ఎక్కింది. మంచం తెచ్చి రాత్రీ పగలూ దాంతోనే కాపురం చేశాడు. జిన్నింగు మిల్లు దగ్గర రాలిన పత్తి ఏరుకొచ్చి, మెత్తటి పాతగుడ్డలో ఉండచుట్టి, లక్క పూత మీద పూత వేశాడు. కొంటామని వచ్చినవాళ్ళను కసిరి పంపాడు. పని అయ్యాక దుర్గప్పకు ఫోన్ చేశాడు.

ఈరమ్మ వచ్చింది. చేతిలో నిండా బట్టలున్న సంచి. అది చూసి నేను మిషను ఆపేశాను. ఉండిపోవడానికే వచ్చింది మరి! ఆమె మంచం పట్టెను చేత్తో తడిమి, "యాడిది?" అంది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె చెయ్యి తీసేసింది.

"తెగిన పెండ్లి మంచం మీదికా నన్ను పిలిచింది?"

"దీని మీద ఎవరూ పోలేదు కదా, ఈరమ్మా..."

"పోతే ఏమి? పోయింది ఎవరని ఎప్పుడన్నా అడిగినావా? తాగి సచ్చినోళ్ళవి, మొగుడు ఇడిసినోళ్ళవి, అన్నీ తెస్తివి. పసుపుకుంకాలతో పోయిన ముత్తైదువది తెచ్చింటే నేను యాడికి పోతాంటిని? కండ్లకద్దుకుని పండుకుంటాంటిని."

అలాంటివి ఎన్నో మారెప్ప చేతుల మీదుగా పోయాయి. దసరాకు ఎమ్మిగనూరు వాళ్ళకు అమ్మినదీ ముత్తైదువ మంచమే. ఆ మాట పైకి అనేశాడు కూడా, అమాయకుడు. ఈరమ్మ కళ్ళు తుడుచుకుంది. "మళ్ళా అట్లాంటిది వస్తే ఫోన్ చెయ్" అని సంచి ఎత్తుకుంది. ఆయనే దాన్ని బస్టాండు దాకా మోశాడు.

ఇప్పుడు వీధిలో చావుడప్పు వినిపిస్తే చాలు, షెడ్డులోంచి బయటికొస్తాడు. "ఆడమనిషా? మొగుడుండాడా?" అని అడుగుతాడు. అడిగి, వెంటనే లెంపలేసుకుంటాడు. ఒకరి ఇంట్లో ముత్తైదువ పోతే తప్ప తన ఇంట్లోకి పెళ్ళాం రాదు. ఇంతకంటే పాపిష్టి ఎదురుచూపు ఇంకోటి ఉంటుందా?

ఈమధ్య నా భార్య జ్వరంతో మంచం పట్టింది. మారెప్ప ఎప్పటిలాగే టీ తాగడానికి వచ్చి, "వదినకు ఎట్లుందన్నా?" అన్నాడు. మంచి మనసుతోనే అడిగాడు, ప్రమాణం చేసి చెప్పగలను. కానీ అడిగాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

మళ్ళీ నా అంగడి మెట్టు ఎక్కలేదు. నా భార్య లేచి తిరుగుతోంది, వంట కూడా చేస్తోంది. ఆ కబురు నేనే రోడ్డు దాటి వెళ్ళి చెప్పాలి. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక ఇంకా ఇక్కడే కూర్చున్నాను.