వీపుమీద గింజలు

అందరూ ఆయన్ని కుర్చీల బాబాయ్ అనేవారు. పాత సోఫాల గుడ్డ ఊడదీసి, కుంగిన స్ప్రింగులు మార్చి, కొత్త గుడ్డ బిగించడం ఆయన పని. ఇంటి ముందుగదే పనిచోటు. చిన్న మేకులు పెదవుల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టేవాడు కాబట్టి, పనిలో ఉండగా మాట్లాడేవాడు కాదు. పని లేనప్పుడూ పెద్దగా మాట్లాడింది లేదు. ఏళ్ల తరబడి జనం ఆయన పనిమీద హాయిగా కూర్చున్నారు. కూర్చున్నవాళ్లెవరూ అది చేసిందెవరని అడగలేదు.

ఆ ఇంట్లో ఒక ముసలి కుక్క ఉండేది. దాని చూపు మెల్లగా పోయింది. ఒకసారి ఎవరో కుర్చీ బాగుచేయించుకుని, వండుకు తినండంటూ కోడిపెట్టనొకదాన్ని ఇచ్చి వెళ్లారు. దాన్ని గంప కింద మూశారు. ఎలా తప్పించుకుందో, తెల్లారేసరికి కుక్క పొట్టకి ఆనుకుని, తల రెక్కలో దూర్చుకుని పడుకుని ఉంది. ఎక్కడ కదిలితే దాని నిద్ర చెడుతుందో అన్నట్టు కుక్క బిగుసుకుని పడుకుంది. ఆయన భార్య కత్తి మళ్లీ అలమరలో పెట్టేసింది.

"మావగారికి కోడలొచ్చింది," అంది. కుక్కకీ కోడికీ ఆ పేర్లే స్థిరపడ్డాయి.

కోడలు నీళ్ల తొట్టి దాకా ముందు నడుస్తూ కొక్కొక్కుమనేది. ఆ చప్పుడు పట్టుకుని మావగారు వెనక నడిచేవాడు. దారిలో కుర్చీ అడ్డుంటే కోడి ఆగేది, చప్పుడు ఆగితే కుక్కా ఆగేది. ఇది ఎవరూ నేర్పింది కాదు.

మొదట ఎదురింటి నర్సు చూసింది, తరవాత వీధంతా చూసింది. సాయంత్రమైతే గుమ్మంలో జనం.

"బాబాయ్, నీ చేతిలో ఏదో మహిమ ఉంది," అన్నాడొకడు. "మా అమ్మనీ మా ఆవిడనీ ఒక నెల నీ దగ్గర వదులుతా, చూస్తావా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా మేకులు నోట్లోంచి తీసి నవ్వాడు. జనం తనవైపు చూసి నవ్వడం ఆయనకి కొత్త. ఆ మర్నాటినుంచి సాయంత్రాలు ఉతికిన చొక్కా వేసుకోసాగాడు.

ఒకరోజు చాలామంది వచ్చారు. కోడి మాత్రం మూలనున్న కొబ్బరిపీచులో గీరుకుంటూ ఉండిపోయింది. కుక్క నిద్రపోతోంది. "ఇంతేనా?" అన్నారెవరో. ఇద్దరు వెళ్లిపోయారు కూడా. ఆయన లోపలికెళ్లి గుప్పెడు గింజలు తెచ్చాడు. కుక్కని నిమురుతున్నట్టే నిమిరి, వాటిని వీపుమీది బొచ్చులో వదిలాడు. కోడి ఒక్క గెంతులో మీదికెక్కింది. జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడూ అదే చేశాడు. కోడి ఆకలిమీదుంటే త్వరగా ఎక్కుతుందని పొద్దుటి మేత ఎగ్గొట్టి, భార్యతో "వేశానులే" అనేవాడు. బొచ్చు లోతుకి జారిన గింజని కోడి వదిలేది కాదు. కుక్క చర్మం వణికేది. "గోకించుకుంటున్నాడు, ఎంత సుఖమో!" అనేవారు చూసేవాళ్లు. అది సుఖం కాదని ఆయనకి తెలుసు. రేపటినుంచి మానేద్దామనుకునేవాడు. రేపు మళ్లీ జనం వచ్చేవారు.

భార్య కుక్కకి స్నానం చేయిస్తుంటే అది కుయ్యోమంది. ఆమె బొచ్చు విడదీసి చూసింది.

"ఏమయ్యా, వీపంతా పుళ్లు! ఏం కుట్టాయో ఏమో."

"ఈగలై ఉంటాయి," అన్నాడు.

ఆమె తడిగుడ్డతో ఒక్కో పుండూ తుడుస్తుంటే ఆయన మేకులు నోట్లో పెట్టుకున్నాడు. కొట్టడానికి ఎదురుగా కుర్చీ ఏదీ లేదు.

ఆ ఆదివారం నర్సు తన భర్త అక్కని వెంటబెట్టుకొచ్చింది. "మా వదినకి చూపించు బాబాయ్. నేను చెబితే కోతలు కోస్తున్నావంటోంది."

ఆయన ఈసారి గింజలు తేలేదు. ఊరికే కుక్క పక్కన చతికిలబడి వీపుమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ కనిపించడమే చాలు, కోడి ఎగిరి దూకింది. కుక్క గిర్రున తిరిగి కరిచింది. ఈకలు లేచాయి. కోడి కుంటుకుంటూ బల్ల కింద దూరింది.

"బాగానే ఉంది వీళ్ల స్నేహం!" అంది వదిన.

నర్సు మోకాళ్లమీద కూర్చుని కుక్క వీపు పరీక్షగా చూసింది. "పిన్నీ, ఇవి పొడిచిన గాయాలు. మీ కోడలు రోజూ తినేస్తోంది ఈయన్ని. కళ్లు లేనివాడు, ఎన్నాళ్లు ఓర్చుకున్నాడో పాపం."

భార్య ముఖం ఎర్రబడింది. "దొంగముండ! నేనేమో దీన్ని నెత్తిన పెట్టుకున్నాను. ఇవాళే ఎవరికైనా ఇచ్చేస్తా. కోసుకుంటారో, పెంచుకుంటారో, వాళ్లిష్టం."

గంప కోసం లోపలికి వెళ్లింది. తను నోరు మెదపకపోతే చాలు. కోడి పోతుంది, పుళ్లు మానతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. అంత దాకా ఆలోచించినందుకు ఆయన చెవులు వేడెక్కాయి.

ఆమె వచ్చి బల్ల కింద చెయ్యి పెట్టింది.

"వదిలెయ్ దాన్ని," అన్నాడు.

"ఎందుకు వదలాలి?"

"గింజలు వేసింది నేను."

"ఏం గింజలు?"

"వాడి వీపుమీద. జనం వచ్చినప్పుడల్లా. పొద్దుటి మేత కూడా వేయలేదు దానికి."

వదిన తన చెప్పులవైపు చూసుకుంది. "నువ్వా బాబాయ్?" అంది నర్సు. వదినని తీసుకుని వెళ్లిపోయింది.

భార్య చేతిలోని గంపని నేలమీద పెట్టింది.

"ఈగలన్నావు," అంది. "నేను తుడుస్తుంటే పక్కనే నిలబడ్డావు."

"నిలబడ్డాను."

ఆ తరవాత సాయంత్రాలు తలుపు మూసే ఉండేది. కుక్క పుళ్లు మానాయి, కోడి కాలు కుదుటపడింది. కానీ కొక్కొక్కు వినిపిస్తే చాలు, కుక్క గోడకి ఒదిగి పళ్లు బయటపెట్టేది. కోడి దూరంలోనే ఆగి, పిలిచి పిలిచి, ఒక్కతే తొట్టి దగ్గరికి పోయేది.

మావగారిని నీళ్లకి నడిపించే పని ఆయనమీద పడింది. మెడమీద చెయ్యి పడగానే కుక్క తోక ఊపేది. దాని అనుమానమంతా కోడిమీదే. నీళ్లు తాగి, తడిమూతితోనే ఆ వేళ్లు నాకేది. చెయ్యి లాక్కోవాలనిపించేది ఆయనకి. లాక్కుంటే దానికేం అర్థమవుతుంది? అది నాకడం అయ్యేదాకా అలాగే వంగి నిలబడేవాడు.