మట్టిగుండ్ల ముందు ఎవరూ ఆగలేదు

నా చిన్నప్పుడు మా మేనత్త ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేక తడబడేదాన్ని. పుదుచ్చేరిలో ఒక మ్యూజియంలో గోడవారగా కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడుతున్నారు, ఎంతసేపు చూస్తున్నారు, ఏం మాట్లాడుకుంటున్నారు అని రాసుకోవడమే ఆమె పని. మనిషికో కాగితం. దాని మీద ఆ గది పటం ఉండేది. మనిషి నడిచిన దారిని పెన్సిలుతో గీసి, ఆగిన చోట సున్నా చుట్టి, పక్కన ఎన్ని సెకన్లో వేసేది. జనం దేన్ని చూసి ఏం తెలుసుకుంటున్నారో తెలిస్తే, వస్తువుల్ని ఎట్లా పెట్టాలో తెలుస్తుందనేది. అది కొన్ని నెలల పని మాత్రమే. రిపోర్టు నచ్చితే పొడిగిస్తారు.

అప్పుడు నాకు పదేళ్లు. వేసవి సెలవుల్లో, అదే ఊళ్లో సారం అనే పేటలోని మా ఇంటి నుంచి రోజూ ఆమె సైకిలు వెనక కూర్చుని వెళ్లేదాన్ని. ఆ గదిలో ఒక చీకటి మూల అద్దాలపెట్టెలో పాతకాలపు మట్టిగుండ్లు ఉండేవి. వల నీళ్లలో మునగడానికి జాలర్లు కట్టుకున్నవి. ఒకదాని మీద చేసినవాడి బొటనవేలి గుర్తు అట్లాగే నిలిచిపోయింది. అద్దానికి ముక్కు ఆనించి దాన్నే చూస్తూ ఉండేదాన్ని.

ఒకరోజు మ్యూజియం పెద్దసారు మా అత్తతో, "ఆ మూల ఎవరూ ఆగినట్టు లేదు. నీ కాగితాలు కూడా అదే చెబితే పెట్టెను గోడౌనులో వేయిద్దాం. శుక్రవారం అన్నీ తీసుకురా" అన్నాడు. అత్త సరేనంది. ఆమె ముఖం వాడిపోవడం నేను చూశాను.

మర్నాటి నుంచి అత్త టీకి లేచినప్పుడల్లా నేను పెన్సిలు తీశాను. చేతికందిన ప్రతి కాగితం మీదా ఆ మూలలో సున్నాలు చుట్టి, పక్కన తోచిన అంకెలు వేశాను. గొప్ప పని చేస్తున్నానని నా నమ్మకం.

శుక్రవారం సారు గదిలో తలుపు పక్క బల్ల మీద కూర్చున్నాను. ఆయన ముందున్న కాగితాలు తిరగేసి, "పర్వాలేదే, మూల దగ్గర కూడా ఆగుతున్నారు. అయితే పెట్టె ఉండనీ" అన్నాడు. అత్త ఒక కాగితం అందుకుంది. ఆమె వేలు ఆ మూల మీద ఆగిపోయింది. ఇంకో కాగితం తీసింది. ఇంకోటి. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆమె ఊరుకుంటే చాలు, అందరికీ కావలసింది జరిగిపోయేది.

"సార్, ఇవి లెక్కలోకి తీసుకోవద్దు" అంది అరవంలో. "ఏది నేను చూసి రాసిందో, ఏది కాదో చెప్పలేను."

"ఎవరు రాశారు మరి?"

"కాగితాలు నా దగ్గరుండేవి సార్. తప్పు నాదే."

ఆయన కాగితాలు పక్కకు నెట్టాడు. ఆమె పని పొడిగించమని పైవాళ్లకు ఇప్పుడేమని రాయాలని అడిగాడు. మళ్లీ మొదటినుంచి చూసి రాయడానికి అత్త మూడు వారాలు గడువు అడిగింది. ఇచ్చాడు గాని, ఉద్యోగం సంగతి మాత్రం మాటివ్వలేదు.

వరండాలోకి వచ్చాక కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"ఎందుకు చేసినావు పాపా?"

"పెట్టె తీసేస్తారని."

"నాకు మాత్రం ఆశ లేదా ఏంది? అయినా జనం ఆగలేదు. ఆగలేదని తెలిస్తేనే కదా, ఎందుకు ఆగలేదని అడిగేది. వాళ్లు చెప్పకముందే వాళ్ల బదులు నువ్వు చెప్పేసినావు."

ఏడుస్తుంటే కొంగుతో నా ముఖం తుడిచింది. ఆ మూడు వారాలూ నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది, చేతికి పెన్సిలు ఇవ్వకుండా. ఈసారి గది దాటేవాళ్లను తలుపు దగ్గర ఆపి అడగడం మొదలుపెట్టింది.

ఒకనాడు తేంగాయితిట్టులో చేపలమ్మే పెద్దావిడ ఇద్దరు మనవరాళ్లతో వచ్చి ఆ మూలను దాటుకుని పోయింది. అత్త వెంట వెళ్లి, ఈడ ఏం నచ్చిందమ్మా, ఆ పెట్టె చూడలేదేమని అడిగింది. "చీకట్లో ఏముందో కనపడలేదు తల్లీ. రాసింది కూడా ఇంగ్లీషు. మనకోసం కాదనుకున్నా" అంది ఆవిడ. అత్త వెనక్కి తీసుకొచ్చి అవేమిటో చెప్పింది. ఆవిడ వంగి చూసి, తన తండ్రి వలకు సీసపు గుండ్లు ఎట్లా కట్టేవాడో, ముడి ఎక్కడ వేసేవాడో, ఖాళీ చేతులతో మనవరాళ్లకు చూపించసాగింది. ఎంతసేపు నిలబడిందో అత్త రాయడం మరిచిపోయింది.

ఎవరూ ఆగడం లేదనే అత్త రిపోర్టు రాసింది. ఎందుకు ఆగడం లేదో కూడా వాళ్ల మాటల్లోనే రాసింది. పెట్టెను కిటికీ దగ్గరికి మార్చారు, అరవంలో పేరు రాసి పెట్టారు. అత్తకు మాత్రం పొడిగింపు రాలేదు. ఆమె మూలకుళంలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంది. ఒక్కసారి కూడా నన్ను ఎత్తిపొడవలేదు. ఆమె అన్నా అనకపోయినా, ఆ బరువు నాదే.

పెద్దయ్యాక నేను బడిపంతులమ్మనయ్యాను. అర్థమైందా అంటే తరగతంతా తలూపేది. అది చూడడానికి ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే అప్పుడు పుస్తకం మూసేదాన్ని కాదు. వెనక వరుసలో కూర్చుని కిటికీలోంచి చూస్తున్న పిల్ల పక్కకు వెళ్లి, నీకేం కనపడలేదో చెప్పు తల్లీ అని అడిగి, ఆ పిల్ల నోరు విప్పేదాకా అక్కడే కూర్చునేదాన్ని.