రెండు కార్డుల సంగడి

మొన్న మా మనవరాలు కొత్తగా కొన్న కంప్యూటరు పెట్టె తెరిచి చూపిస్తే లోపల గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే కనిపించింది, రెండోది ఏదమ్మా అని అడిగితే రెండు కూడా పెట్టేవారా తాతయ్యా అని నవ్వింది. పెట్టేవాళ్ళం. మన వయసువాళ్ళలో ఆ పని చేసినవాడు మరొకడు ఉంటాడనుకోను గనక చెబుతున్నాను.

కొల్లేటిలో మా చేపల చెరువు పోయాక మా తోడల్లుడుగారు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, ఏలూరులో పెట్టిన కంప్యూటరు ఆటల షాపులో నన్ను కూర్చోబెట్టారు. కిటికీ లేని గది, ఏసీ చల్లదనం పోతుందని తలుపు కూడా తీయనిచ్చేవారు కాదు. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, అట్టపెట్టెల మీది ఇంగ్లీషు కూడబలుక్కుంటూ, పొద్దస్తమానం ఆటల్లో తుపాకుల మోత వింటూ, మా లంకకు పోయి వల వేసుకునేది ఎన్నడా అని ఎదురు చూసేవాణ్ణి. వెళ్తానంటే ఆయన, "తాడేపల్లిగూడెం వాళ్ళతో పోటీ ఒక్కటి గెలవనివ్వండి తమ్ముడుగారూ, ఆనక మీ ఇష్టం" అన్నారు.

ఆ పోటీ కోసమే రెండు కార్డులు తెచ్చారు. రెండూ కలిసి లాగితే ఆటలో బొమ్మ తడబడకుండా పరుగెడుతుందట. అమర్చింది నేనే. కొల్లేటిలో రెండు తాటిదోనెలను జంటగా కడితే సంగడి అంటాం, మధ్యలో సందు వదిలితే అలకు కొట్టుకుంటాయని ఒకదానికొకటి ఆనేలా బిగిస్తాం. కార్డులూ అంతే అనుకుని, కింద దూరంగా మరో స్లాటు ఖాళీగా ఉన్నా, రెండోదాన్ని మొదటిదానికి ఆనించి దించి, రెంటినీ కలిపే పట్టీ తగిలించాను.

పోటీ మొదలైన కాసేపటికే బొమ్మ ఆగి ఆగి నడిచి, తెర నల్లబడిపోయింది. "ఏవండీ, మీ కంప్యూటరుకి జొరవొచ్చినట్టుందండీ, దుప్పటి కప్పండి!" అని గూడెం వాళ్ళు ఒకటే నవ్వు. పెట్టె విప్పి పై కార్డు మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. దాని ఫ్యాను కింది కార్డు వీపుకి అతుక్కుపోయి ఉంది, గాలి పీల్చుకునే దారే లేదు. దాని అవస్థ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండోదాన్ని కింది స్లాటులోకి మార్చాను. ఆట మళ్ళీ మొదటినుంచి ఆడించారు, మనవాళ్ళు గెలిచారు.

నేను సంచీ సర్దుకుంటున్నాను. తోడల్లుడుగారు వచ్చి అందరి ముందూ నన్ను కావలించుకుని, "మీరు లేకపోతే ఈ షాపే లేదు. ఇంక మిమ్మల్ని వదుల్తానేంటండీ!" అన్నారు. అంతమందిలో కాదనలేకపోయాను. చచ్చినట్టు మరో ఆరేళ్ళు ఆ గదిలోనే కూర్చున్నాను.

తరవాత ఆటలు ఫోనుల్లోకి పోయాయి, షాపు మూశాం, ఆయనా పోయారు. లంకకు వెళ్ళి చూశాను, దోనెలో కూర్చుంటే నడుం నిలవలేదు, తిరిగి వచ్చేశాను. ఇప్పుడు నన్ను ఆపేవాళ్ళు లేరు. పొద్దున్నే చొక్కా తొడుక్కుని గుమ్మంలోకి వస్తాను గానీ ఎటు వెళ్ళాలో తోచదు.